తాళంచెవి ఎవరి చేతిలో? - మ్యూనిక్ నగరపు లినక్సు కథ

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా ముందున్న కంప్యూటరు ఎవరిది? ప్రజల సొమ్ముతో కొన్నారు కనుక ప్రజలదే అనాలి. కానీ దాన్ని ఎప్పుడు మార్చాలో, అందులో ఏ ఫైలు తెరుచుకోవాలో నిర్ణయించేది వేరొకరైతే? జర్మనీలో బవేరియా రాజధాని మ్యూనిక్ నగరపాలక సంస్థ ఈ ప్రశ్నతో సుమారు పదిహేనేళ్ళు పెనుగులాడింది.

2000ల మొదట్లో ఆ నగర కార్యాలయాల్లోని సుమారు 14,000 కంప్యూటర్లు విండోసు ఎన్.టి. 4 మీద నడిచేవి. ఆ వ్యవస్థకు మద్దతు నిలిపివేయాలని మైక్రోసాఫ్టు నిశ్చయించడంతో నగరానికి మారక తప్పని పరిస్థితి వచ్చింది. సలహాదారుల లెక్కలో ఖర్చు రీత్యా విండోసు చవక, దీర్ఘకాలిక స్వాతంత్ర్యం రీత్యా లినక్సు మెరుగు. 2003 మార్చిలో మైక్రోసాఫ్టు అధిపతి స్టీవ్ బామర్ తన స్కీయింగు విహారాన్ని మధ్యలో ఆపి, మేయరు క్రిస్టియాన్ ఊడెను కలవడానికి స్వయంగా వచ్చాడు. సంస్థ ధరా తగ్గించింది. అయినా మే 28న నగరసభ లినక్సు వైపే మొగ్గింది. లినక్సు పేరును, నగరం పేరును కలిపి ఆ పథకాన్ని 'లిమక్సు' అన్నారు.

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. లినక్సు ఎక్కించడం కంటే, తమ వద్ద ఏమేమి ఉన్నాయో తెలుసుకోవడమే కష్టమైంది. ఏ శాఖ కంప్యూటర్లను ఆ శాఖ సిబ్బందే చూసుకునేవారు. ఎవరి అమరికలు వారివి, ఎవరి పద్ధతులు వారివి. ఉత్తరాలకూ దరఖాస్తులకూ వేలకొద్దీ నమూనాలు, వాటిలో మైక్రోసాఫ్టు ఆఫీసులో తప్ప పనిచేయని మాక్రోలు. వీటన్నిటినీ ఏరి, కలిపి, అనవసరమైనవి తీసివేయవలసి వచ్చింది. నమూనాల కోసం నగర సిబ్బందే 'వోల్‌మక్సు' అనే ఉపకరణాన్ని తయారుచేసి, 2008లో అందరికీ ఉచితంగా విడుదల చేశారు. 2006లో తొలి లినక్సు యంత్రాలు ఉద్యోగుల బల్లల మీదికి వచ్చాయి. 2013 చివరికి వాటి సంఖ్య దాదాపు 15,000. పెట్టుకున్న లక్ష్యం 12,000 మాత్రమే!

మరి ఆ తరువాత? 2014లో ఊడె పదవీకాలం ముగిసి డీటర్ రైటర్ మేయరయ్యాడు. ఈలోగా కాలం మారింది. బల్లమీది కంప్యూటరుతో పాటు జేబులోని ఫోనూ కార్యాలయంలో భాగమైంది. ఫోనులో మెయిలు, క్యాలెండరు సరిగా అందడంలేదని, బయటి నుండి వచ్చే పత్రాలు చెదిరిపోతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. 2016లో నగరం చేయించిన అధ్యయనం మాత్రం, పెద్ద చిక్కులు సాఫ్టువేరులో కంటే పాలనా నిర్మాణంలోనే ఉన్నాయని చెప్పింది. బాధ్యతలు చెదిరి ఉన్నచోట ఏ మార్పైనా ఆలస్యమే. అయినా 2017లో నగరసభ విండోసుకు తిరిగిపోవాలని తీర్మానించింది. నింద పెంగ్విను మీద పడింది.

అయితే 2018లో నగరం తన కంప్యూటరు వ్యవహారాల కోసం ప్రత్యేక శాఖనొకదాన్ని ఏర్పరచింది. విండోసు అయినా లినక్సు అయినా, ముందు ఇల్లు చక్కబెట్టుకోక తప్పదన్నమాట. 2020లో అధికారంలోకి వచ్చిన కూటమి, వీలైనచోటల్లా స్వేచ్ఛా సాఫ్టువేరే వాడాలని తన ఒప్పందంలో రాసుకుంది. 2024లో ఉత్తర జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం సుమారు 30,000 కంప్యూటర్లలో లిబ్రెఆఫీసుకు మారాలని నిర్ణయించింది. మ్యూనిక్ వేసిన ప్రశ్న ఇంకా బ్రతికే ఉంది.

ఈ ప్రశ్న తెలుగువారికి కొత్త కాదు. యూనికోడుకు ముందు ఒక్కొక్క ఫాంటుకు ఒక్కొక్క సంకేత పద్ధతి. ఒకరు రాసింది, ఆ ఫాంటు లేనివారి తెరమీద గజిబిజి గుర్తులే. మన అక్షరాలకే తాళంవేసి, తాళంచెవి మరొకరి చేతిలో పెట్టిన రోజులవి. ఒక మనిషికి అది చిరాకు. పౌరుల జనన మరణాలూ, ఆస్తి పత్రాలూ భద్రపరచే ప్రభుత్వానికి అది చిరాకుతో పోయేది కాదు.

లిమక్సు ఓడిందని కొందరు, ఓడించారని కొందరు అంటారు. నాకు తోచేది వేరు. తాళంచెవి చేతికి రావడం ఒక ఎత్తు, ఇంట్లో ఏ గది ఎక్కడుందో, దాన్ని ఊడ్చేదెవరో తెలియడం మరో ఎత్తు. మ్యూనిక్ మొదటిది గట్టిగా సాధించింది, రెండవది ఆలస్యంగా నేర్చుకుంది.