‘వాడి చూద్దాం’

ఎల్బీనగర్‌లో ఎర్ర లైను మెట్రో ఎక్కితే దారిలోనే ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి. నాగోల్‌లో నీలం లైను ఎక్కితే చివర్లో రాయదుర్గం, అక్కణ్ణుంచి గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఆటో దూరం. ఊరి పేరే తిట్టుగా మారిపోయిన ఆస్పత్రి ఒక దిక్కున, మెదడును లెక్కల్లో పెట్టే ల్యాబ్ ఇంకో దిక్కున.

మా పిన్ని ఫైల్లో ఏడాదిలో మూడు మందులు మారాయి. ప్రతి చీటీ అడుగునా ఒకటే మాట: ఆరు వారాల తర్వాత రండి. డాక్టర్ల తప్పేం లేదు, మానసిక వైద్యం పుట్టిందే ‘వాడి చూద్దాం’ అంటూ. సర్పగంధి వేరు రక్తపోటుకూ, పిచ్చికీ పనిచేస్తుందని గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ రాసింది 1931లో. రోమ్‌లో కరెంటు షాకు 1938లో, జాన్ కేడ్ లిథియం 1949లో వచ్చాయి. మత్తు డాక్టర్లు వాడుతున్న క్లోర్‌ప్రొమజైన్ 1952లో పారిస్‌లో మనోరోగులకు దారి చూపింది. ఏదీ మెదడును చదివి కనిపెట్టింది కాదు. 2006లో వెలువడిన అమెరికా అధ్యయనంలోనూ మొదటి మందుతో డిప్రెషన్ నుంచి తేరుకున్నది సుమారు మూడో వంతు మందే.

అదే 1952లో కేంబ్రిడ్జిలో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ స్క్విడ్ నరంలో కరెంటు ఎలా పాకుతుందో సమీకరణాల్లో రాశారు. కంప్యూటర్ అందుబాటులో లేక హక్స్‌లీ చేత్తో పిడి తిప్పే లెక్కల యంత్రంతోనే కుస్తీ పట్టాడు. మెదడు సిమ్యులేషన్‌కు నారు పోసింది ఆ పిడే. 1972లో విల్సన్, కోవన్ ఒక్కో కణాన్ని వదిలి కణాల గుంపులకు లెక్క కట్టారు. తర్వాత ఎమ్మారై వచ్చింది. మెదడు ప్రాంతాలను మెట్రో స్టేషన్లనుకుంటే, వాటి మధ్య పట్టాలు ఏ మనిషికి ఎలా ఉన్నాయో స్కాన్ చూపిస్తుంది. ఆ పటం మీద సమీకరణాలు నడిపి, ప్రయోగమేదో కంప్యూటర్లోనే చేసి, మందు మాత్రం మనిషికి ఇవ్వాలన్నది ఆశ.

మార్సేల్‌లో విక్టర్ జిర్సా బృందం ఈ పద్ధతిని ముందుగా మూర్ఛ ఆపరేషన్లకు పట్టుకెళ్లింది. ట్రిపుల్ ఐటీలోని బాపిరాజు సూరంపూడి, సహచరులు అదే జిర్సాతో కలిసి, నరాల దారులను బట్టి మెదడు ప్రాంతాల మధ్య పొత్తును అంచనా కట్టే పద్ధతిని 2018లో ప్రచురించారు. 2013 నుంచి పదేళ్లు నడిచిన ఐరోపా హ్యూమన్ బ్రెయిన్ ప్రాజెక్టు ఆర్భాటం కన్నా నాకు ఇలాంటి చిన్న అడుగుల మీదే గురి.

మూర్ఛలో లెక్క సరిపోయిందో లేదో తేలుతుంది: ఆపరేషన్ తర్వాత ఫిట్స్ ఆగుతాయి, లేదా ఆగవు. దిగులుకు అలాంటి కొలత ఏదీ? పోయిన వారం డాక్టరు పిన్నిని అడిగినవి రెండే: నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా? నిద్రకు మాత్రం తలూపింది.