ముక్కుతాడు – ముక్కుదిండు

గుర్రుపెట్టి నిద్రపోయాడంటే హాయిగా నిద్రపోయాడనే మన తెలుగువారి లెక్క. వాల్మీకి రామాయణం యుద్ధకాండలో కుంభకర్ణుణ్ణి లేపవచ్చిన రాక్షసులు అతని ఊపిరి విసురుకు ఎదురు నిలువలేకపోయారని ఉన్నది. ముప్ఫయి ఏళ్ళకు పైగా ఈ ఘట్టాన్ని తరగతిలో అభినయించి పిల్లలను నవ్వించినవాణ్ణి నేను. గురక నవ్వులాట కాదని ఉద్యోగ విరమణ తరువాత గాని నాకు తెలిసిరాలేదు.

ఒకనాడు తెల్లవారుజామున మా ఇంటావిడ నన్ను తట్టి లేపి, "ఏమండీ, మీ గురకకు నేనెప్పుడూ భయపడలేదు. అది ఆగిపోయినప్పుడే భయమేస్తున్నది" అన్నది. ఒంగోలులో వైద్యునికి చూపించుకున్నాను. ఒక రాత్రి ఒంటినిండా తీగలు అతికించి పరీక్ష చేశారు. నిద్రలో గొంతు వెనుకనున్న మెత్తని కండరాలు సడలి గాలిదారిని మూసివేస్తున్నవనీ, దీనిని స్లీప్ ఆప్నియా అంటారనీ చెప్పి, సీపాప్ అనే యంత్రాన్ని వాడమన్నారు. అది గాలిని నిరంతరంగా కొద్దిపాటి ఒత్తిడితో ముక్కులోనికి పంపి, ఆ దారి మూసుకుపోకుండా నిలుపుతుంది. నాకిచ్చిన మాస్కుకు నేజల్ పిల్లోస్ అని పేరు. ముఖాన్ని కప్పదు, రెండు మెత్తని సిలికాన్ బుడిపెలు ముక్కుపుటాల మొదట కూర్చుంటాయి. నేను వాటికి ముక్కుదిండ్లని పేరు పెట్టుకున్నాను. తలకింది దిండు సుఖమే గాని ముక్కుకింది దిండు అలా కాదని పది రోజులలోనే తేలిపోయింది.

ముక్కుపుటాల అంచులు ఒరుసుకుపోయి ఎర్రబారినవి. చలువ చేస్తుందని నెయ్యి రాశాను. బుడిపెలు జారి గాలి బుస్సున బయటికి పోసాగింది. పట్టీలు ఇంకా బిగించాను. పుండు ఇంకా పెరిగింది. చివరికి యంత్రాన్ని బీరువా మీదికెక్కించి మూడు వారాలు దాని ముఖం చూడలేదు. ఆ మూడు వారాలలోనే ఒక మధ్యాహ్నం మనుమణ్ణి వెనుక కూర్చోబెట్టుకొని మోపెడ్ మీద వస్తూ రెప్పపాటు కునుకు తీశాను. బండి రోడ్డు దిగి తుమ్మచెట్ల వైపు మళ్ళింది. "తాతయ్యా!" అన్న కేక వినబడకపోతే ఈ వ్యాసం రాసే అవకాశం ఉండేది కాదు.

ఆ రాత్రి యంత్రాన్ని దింపాను. ఇంత ఉపకారం చేసే వస్తువు ముక్కు దగ్గరకు వచ్చేసరికి ఇంత అపకారం ఎందుకు చేస్తున్నదని దాని పూర్వచరిత్ర చదవసాగాను.

చార్లెస్ డికెన్స్ 1836–37లో వెలువరించిన 'పిక్విక్ పేపర్స్' నవలలో జో అనే లావుపాటి కుర్రవాడు నిలుచున్నచోటనే నిద్రపోతుంటాడు. పాఠకులు వంద సంవత్సరాలకు పైగా నవ్వుకున్నారు. 1956లో అమెరికా వైద్యులు కొందరు అటువంటి లక్షణాలున్న ఒక రోగిని గురించి రాస్తూ ఆ నవల పేరునే వ్యాధికి పెట్టారు. 1965లో ఫ్రాన్స్, జర్మనీ దేశాల పరిశోధకులు నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగిపోవడాన్ని నమోదు చేశారు. వ్యాధి తెలిసినా మందు తెలియదు. 1969 నుండి తీవ్రమైన రోగులకు దొరికిన దారి ఒక్కటే: మెడ ముందు భాగాన శ్వాసనాళానికి రంధ్రం చేయడం. ముక్కుతో పని లేకుండా గొంతుతోనే ఊపిరి!

ఆస్ట్రేలియాలో సిడ్నీ నగర వైద్యుడు కాలిన్ సలివన్ 1980లో మరొక దారి పట్టాడు. ఒక రోగి గొంతు కోయించుకోవడానికి ఇష్టపడక, ఆయన ప్రయోగానికి అంగీకరించాడు. ఐదుగురు రోగులలో వచ్చిన ఫలితాలు 1981లో లాన్సెట్ పత్రికలో వెలువడినవి. ఆ వ్యాసం శీర్షికలోనే ముక్కుపుటాల ద్వారా గాలి పంపిన మాట ఉన్నది. నాడు మెత్తని గొట్టాలను రెండు పుటాలలో ఉంచి, గాలి జారకుండా సిలికాన్ జిగురుతో మూసేవారు. తరువాత ఒక్కొక్కరి ముక్కుకూ అచ్చు తీసి, దానికి సరిపోయే మాస్కును ఫైబర్ గ్లాసుతో తయారుచేశారు. దానినీ రాత్రి జిగురుతో అతికించుకొని ఉదయం ఊడదీసుకోవలసిందే. గాలి పుట్టించే పని తొలినాళ్ళలో వాక్యూం క్లీనర్ మోటారు వంటివాటితోనే జరిగిపోయింది.

ఇక్కడే నాకొక సంగతి తోచినది. గాలిని పుట్టించడం పెద్ద సమస్య కాలేదు. అది అప్పటికే బజారులో ఉన్నది. దానిని ముక్కుకు నొప్పి కలగకుండా అందించడమే అసలు సమస్య. 1985 నుండి ఈ యంత్రాలు అమెరికాలో అమ్మకానికి వచ్చినవి. ఆపైన జిగురు పోయి పట్టీలు వచ్చినవి. గట్టి మాస్కులు పోయి సిలికాన్ వచ్చినది. ముఖంమీద బరువు తగ్గించబోయి మళ్ళీ మొదటి స్థానానికే, ముక్కుపుటాల మొదటికే, ఈ దిండ్ల రూపంలో చేరుకున్నారు. నా ముక్కుమీది పుండు నా ఒక్కడి దురదృష్టం కాదు. ఈ వైద్యం పుట్టిననాటి నుండి వెంట వస్తున్న ప్రశ్న.

జవాబులో సగం మాత్రం మా ఊళ్ళోనే దొరికింది. నా పూర్వ విద్యార్థి ఒకడు ఒంగోలు జాతి ఎడ్లు మేపుతాడు. నా ముక్కు చూసి నవ్వాపుకొని, "మాస్టారూ, తాడు బిగిస్తే ఎద్దు మొండికేసిద్ది. పుండు పడిందంటే తాడన్నా గరుకైంది, లాగేవాడన్నా మొరటోడు. ఎద్దు తప్పు కాదు" అన్నాడు. ముక్కుతాడు పలుపులా బలంతో పని చేయదట. సరిగా కుదిరితే చిటికెడు కదలికే చాలునట.

ఆ మాట పట్టుకొని వైద్యుని వద్దకు మళ్ళీ వెళ్ళాను. దిండ్లు చిన్న, మధ్యరకం, పెద్ద అని మూడు కొలతలలో ఉంటాయి. నాకిచ్చినవి చిన్నవి. అవి పుటాల అంచున కూర్చోకుండా లోపలికి చొచ్చి ఒరుస్తున్నవి. ఒక కొలత పెంచాము. పట్టీలు వదులు చేసి, గాలి ఒత్తిడికి దిండు దానంతటదే ఉబ్బి అతుక్కునేటట్లు చూసుకోవాలని నేర్పారు. నెయ్యి, నూనె, వాజలీన్ వద్దన్నారు. అవి సిలికాన్‌ను పాడుచేస్తాయి; గాలితో పాటు ఊపిరితిత్తులలోనికి చేరితే మరీ ప్రమాదం. పశువు పుండుకు పూసే ఆముదం యంత్రం తగిలించుకున్న మనిషికి పనికిరాదన్నమాట! నీటితో చేసిన జెల్ పలుచగా రాయమన్నారు. ముఖపు జిడ్డు పేరుకుంటే దిండ్లు గరుకెక్కుతాయి కనుక రోజూ తేలికపాటి సబ్బునీటితో కడగాలి. పుండు మానేదాకా వేరే రకం మాస్కు పెట్టుకోవాలే గాని చికిత్స మానరాదు. రక్తం వచ్చినా, చీము పట్టినా చూపించుకోవాలి.

పొడిగాలి సంగతి వేరు. నోరు తెరచి నిద్రపోతే ముక్కులోనికి వచ్చిన గాలి నోటివెంట పోయి లోపలి పొరలు ఎండి, ముక్కు దిబ్బడ వేస్తుందని 1996లో సలివన్ బృందమే చూపింది. వేడిచేసిన తేమగాలి దానికి విరుగుడు. మా మెట్టప్రాంతపు వేసవిలో, మిరపకల్లాల ఘాటులో ఆ తేమ అవసరం ఇంకా ఎక్కువ. అయితే ఆ తొట్టిలో ఏ నీళ్ళు పోయాలి? మా ప్రాంతపు భూగర్భ జలాల కథ లోకానికి తెలిసినదే. ఎముకలను వంచే ఫ్లోరోసిస్ ఉన్నదని మన దేశంలో మొదట 1937లో బయటపెట్టినది నాటి నెల్లూరు జిల్లాలోనే. 1970లో కొత్త జిల్లా ఏర్పడేవరకు పొదిలి ఆ జిల్లాలోనిదే. మా బోరునీరు పోస్తే తొట్టి అడుగున నాలుగు రోజులకే తెల్లని ఉప్పుపొర కట్టింది. ఇప్పుడు డిస్టిల్డ్ వాటర్ కొని పోస్తున్నాను. మిగిలినది ఉదయం పారబోస్తున్నాను.

'గ్యాంగ్ లీడర్' పాటలతో తెలుగువారిని ఉర్రూతలూగించిన బప్పీలహరి 2022 ఫిబ్రవరిలో కన్నుమూసినప్పుడు, వైద్యులు చెప్పిన కారణాలలో ఈ నిద్రవ్యాధి ఒకటి. అంతటి వ్యాధికి విరుగుడు చేతిలో ఉండి, గోరంత పుండుకు వెరచి బీరువా ఎక్కించేవారిలో నేనూ ఒకణ్ణి. ఓర్చుకొమ్మని మీకు చెప్పను. ఓర్పు వల్లనే పుండు పెరిగింది. కొలత మార్చమని అడగండి.

ఇప్పుడు మా ఇంటావిడ నడిరాత్రి లేవడం లేదు. మనుమణ్ణి మాత్రం మోపెడ్ ఎక్కించుకోవడానికి వాడి తల్లి ఇంకా ఒప్పుకోలేదు. ఆమె తప్పు లేదు.