పాత గిటార్ స్క్రూలు విప్పితే

1970లో గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్ అమెరికాలోని నాష్‌విల్‌లో షో-బడ్ అనే దుకాణానికి వెళ్లి, పాత ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్లను కారుచౌకగా అరడజను కొన్నాడు. మూడింటిని మిత్రులకు పంచాడు. మిగతా మూడింటిని విప్పి, మంచి భాగాలన్నీ ఏరి ఒకే గిటార్‌గా బిగించుకున్నాడు. అదే ‘బ్లాకీ’. 2004లో క్రిస్టీస్ వేలంలో దాని ధర 9,59,500 డాలర్లు పలికింది! క్లాప్టన్ పేరు లేకపోతే అదే గిటార్‌ను సేకర్తలు అతుకుల బొంత అని పక్కన పెట్టేసేవారు.

పాత గిటార్ భాగాలు అసలువేనా అనే ఇంత ఆరా ఎప్పుడు మొదలైంది? 1965 జనవరిలో లియో ఫెండర్ తన కంపెనీని 1.3 కోట్ల డాలర్లకు ప్రసార సంస్థ సీబీఎస్‌కు అమ్మేశాడు. ఆ ఏడాది చివరికల్లా స్ట్రాటోకాస్టర్ తల పెద్దదైంది. 1971లో నెక్‌ను పట్టి ఉంచే నాలుగు స్క్రూలు మూడయ్యాయి. నెక్ పక్కకు జరుగుతోందని వాయించేవాళ్లు సణిగారు. దాంతో సీబీఎస్‌కు ముందు, సీబీఎస్ తర్వాత అంటూ బజారు రెండుగా చీలింది. ఈ విభజనలో కొంత మూఢనమ్మకమూ లేకపోలేదు. 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ మోగించింది పెద్ద తల ఉన్న సీబీఎస్ కాలపు స్ట్రాటోకాస్టరే.

ఏదేమైనా, గిటార్ ఏ కాలానిదో తేల్చుకోవాలంటే కొనేవాడు స్క్రూడ్రైవర్ పట్టాల్సి వచ్చింది. ఫెండర్ నెక్ స్క్రూలతో బిగించినది కాబట్టి ఊడదీయడం తేలిక. దాని అడుగున చాలాసార్లు తయారీ తేదీ, పెన్సిల్‌తో రాసో ముద్ర కొట్టో, కనిపిస్తుంది. లోపలి వాల్యూమ్ కంట్రోళ్ల మీదా అంకెలుంటాయి: 137తో మొదలైతే అవి సీటీఎస్ కంపెనీవి, ఆ తర్వాతి అంకెలు ఏడాదినీ వారాన్నీ చెబుతాయి. అయితే ఫెండర్ 1966లో వీటిని కుప్పలుగా కొనిపెట్టుకుంది. అందుకే ఆ తర్వాతి ఏళ్ల గిటార్లలోనూ 66 అంకె కనిపిస్తుంది. గిటార్ అంతకన్నా పాతది కాదని మాత్రమే అది రుజువు చేస్తుంది.

వాయించడానికి పనికొస్తుందా అన్నది వేరే పరీక్ష. నెక్ వెంబడి ఒంటికన్నుతో చూసి వంపు పసిగట్టాలి, ఆ వంపును సరిచేసే లోపలి ట్రస్ రాడ్ ఇంకా తిరుగుతోందో లేదో చూడాలి, ప్రతి ఫ్రెట్ (నెక్ మీది లోహపు పట్టీ) దగ్గరా ప్రతి తీగనూ మీటాలి. పాత ఫెండర్ల ఫింగర్‌బోర్డ్ గుండ్రం ఎక్కువ, 7.25 అంగుళాల వ్యాసార్ధం. పై ఫ్రెట్ల దగ్గర తీగను గట్టిగా వంచితే స్వరం నొక్కుకుపోతుంది. అరిగిన ఫ్రెట్లు తీసి కొత్తవి వేయిస్తే చేతికి హాయి, కానీ సేకర్త దృష్టిలో ధర పడిపోతుంది. రోజూ వాయించుకునేవాడికి ఇదే వరం: ఎవరో ఫ్రెట్లు మార్పించిన గిటార్ తక్కువకు దొరుకుతుంది, బాగా పలుకుతుంది కూడా.

పైపూత అరుగుదలను చూసి వయసు కట్టడమూ ఒకప్పటి మాటే. 1995లో ఫెండర్ తానే ‘రెలిక్’ పేరుతో, కావాలని గీతలు పెట్టి, రంగు లేపి, తుప్పు పట్టించిన కొత్త గిటార్లను అమ్మకానికి పెట్టింది. ఇప్పుడు ఖరీదైన పాత గిటార్‌ను చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద పెట్టి చూస్తారు. పాత నైట్రోసెల్యులోజ్ పూత పసుపుపచ్చగా మెరుస్తుంది, తర్వాత ఎవరైనా రంగు వేస్తే ఆ చోటు వేరుగా తేలుతుంది.