సోమవారం మీటింగు

ఆ కుంపటి జర ఇటు జరుపు బిడ్డా. పల్లీలు కాల్చుకుంట వింటనంటే చెప్త, లేకుంటే పోయి పండుకో.

మేమంత కోఠి ఉమెన్స్ కాలేజిల చదివినోళ్లం. పాత రెసిడెన్సీ, మెట్లకాడ రెండు సింహాలుంటయి చూడు, గదే. చదువైనంక ఒక్కొక్కరం ఒక్కో ఇంటి కోడళ్లమైనం. పెండ్లిళ్లల్ల కలిస్తే "బాగున్నవా" అంటే "బాగున్న" అనుకునేది, అంతే. మల్ల అందరం ఒక్కకాడ కూసున్నది 1962ల, చైనా యుద్ధానికి. అక్టోబర్ 20న మొదలైంది. నేఫాల, అంటే ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్‌ల, ఇంక లడఖ్ల గడ్డకట్టే చలి, మన జవాన్లకు సరైన ఉన్ని బట్టలు గూడ లెవ్వు. స్వెట్టర్లు అల్లియ్యాలె, బంగారమియ్యాలె అని ఎక్కడ చూసినా అదే మాట.

అల్లాలె అంటే ఎట్ల? హైదరాబాదోళ్లకు ఊలుతోటి ఏం పని? మాకు చలంటే ఒక శాలువ, ముసలోళ్లకైతే గొంగడి. క్రోషా వచ్చు, ఎంబ్రాయిడరీ వచ్చు, స్వెట్టర్ మాత్రం ఒక్కరికీ రాదు. తిర్మలగిరిల ఉండే ఒక పంజాబీ మేజర్ భార్య వచ్చి నేర్పింది. బెహన్‌జీ అనేటోళ్లం. "దో సీధా, దో ఉల్టా" అని ఆమె అనుడు, మేం సూదులు పట్టుకొని అదే జపం చేసుడు. ఫందాలు, అంటే సూదిమీది ముడులు, లెక్కపెట్టేటప్పుడు ఎవరన్న పలకరిస్తే ఖతం, మల్ల ఒకటికాన్నుంచి. కింద బార్డర్ బిగుతుగ రావాలె, లేకుంటే గాలి లోపలికి జొరబడ్తది. మెడ మరీ బిగిస్తే తల పట్టది. మా గుంపుల ఒకామె లెక్కల టీచరు. ఆమె అల్లిన స్వెట్టర్‌కు ఒక చెయ్యి మోచేతికాడికి, ఇంకోటి మోకాలిదాంక! బెహన్‌జీ ఒక్క మాటనలె. సూది తీసి సర్రున గుంజి మొత్తం విప్పింది. మెలికలు వడ్డ ఆ ఊలును నీళ్లల్ల ముంచి, పిండి, ఆరేసి, సాపైనంక ఉండ చుట్టి మల్ల ఆమె చేతిలనే పెట్టింది.

మేం మూటలు కట్టేవరకు యుద్ధం ఆగింది. నవంబర్ 21నే చైనావాళ్లు కాల్పులు బంద్ చేసిన్రు. యుద్ధమాగినా హద్దుమీద కావలి ఆగదు, చలీ ఆగదు, అందుకని పంపినం.

గాజులు గూడ ఇచ్చినం. నిజాం 5 టన్నుల బంగారం దానం చేసిండని ఇయ్యాల్టికి చెప్తుంటరు గదా, అది ఉత్త ముచ్చట. 1965ల ఆయన 425 కిలోలు గోల్డ్ బాండ్లల్ల పెట్టిండు, ఆరున్నర శాతం వడ్డీకి. మా గాజులకైతే వడ్డీ లేదు, రసీదే. ఇంక 1963ల ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయి 14 క్యారెట్లకు మించి నగ చెయ్యొద్దని రూలు తెచ్చిండు. దాంతోటి అవుసలోళ్ల పొయ్యిలు ఆరిపోయినయి. ఆ కష్టం ఎవ్వరు పట్టించుకోలె. మాకైతే ఇప్పటికి కోపమే.

అసలు మా సంఘం నిలబడ్డది 1965ల. పాకిస్తాన్‌తోటి యుద్ధం, దేశంల తిండిగింజల కరువు. ప్రధాని శాస్త్రిగారు సోమవారం రాత్రి అన్నం మానేయమన్నరు. హోటళ్లు గూడ మూసేటోళ్లు. గా మాట మాకు ఎట్ల కలిసొచ్చిందంటే, వారానికి ఒక్క రాత్రి పొయ్యి ముట్టిచ్చే పని లేదు! మీటింగు సోమవారమే పెట్టుకున్నం. "దేశం పని" అంటే అత్తలు గూడ ఎదురు చెప్పలేకపోయేది. చాయ్ తాగుడు, పుస్తకాలు మార్చుకునుడు, ఆడిబిడ్డలను ఆడిపోసుకునుడు, అన్నీ అండ్లనే. సేవ సేవే, కని ఆ రెండు గంటలు లేకుంటే సగంమంది రాకపోయేటోళ్లు. ఆ సంగతి మా రిపోర్టు బుక్కుల ఎవ్వరు రాయలె.

1971 నాటికి ఊలు పక్కకువెట్టినం. తూర్పు పాకిస్తాన్‌కాన్నుంచి శరణార్థులు కోటిమంది దాంక వచ్చిన్రు. నవంబర్ 15 నుంచి ప్రతి ఉత్తరం మీద 5 పైసల బిళ్ల అదనంగ అంటియ్యాలె, వాళ్ల కోసం. పోస్టాఫీసుల అది దొరకక జనం కొట్లాడేది. మేం బొల్లారం దిక్కు బస్తీలకు పోయి జవాన్ల ఇండ్లల్ల ఉత్తరాలు రాసేటోళ్లం, ఆడోళ్లకు చదువు రాదుగదా. అడ్రసుల ఊరు పేరుండది. నంబరు, పేరు, పల్టన్, కింద 56 ఏపీవో, లేకుంటే 99 ఏపీవో. ఒక ముసలమ్మ అడిగింది, "ఈ యాభై ఆరు ఏపీవో ఢిల్లీకి దగ్గరనా అమ్మా, మావోడు పండక్కు ఎట్లొస్తడు?" అని. అది ఊరు గాదు, పటాలం పోస్టు నంబరని ఎంత చెప్పినా ఆమె మనసుల మాత్రం అది ఒక పెద్ద ఊరే.

వాళ్లు చెప్పేదేంది? బర్రె ఈనింది, దూడ బతికింది, పెద్దోనికి జరమొచ్చి తగ్గింది. యుద్ధం ఊసే ఎత్తకపోయేటోళ్లు. మేమేమొ సదువుకున్నోళ్లం గదా, "ధైర్యంగ పోరాడు" అని ఒక ముక్క చివర తగిలిచ్చేటోళ్లం. ఒక పిల్ల, ఇరవై ఏండ్లుంటయేమొ, అది చదివిచ్చుకొని విన్నది. "నేను గా మాట అనలే గదక్కా, కొట్టెయ్" అన్నది. కొట్టేసినం. ఆ దినంకాన్నుంచి చెప్పినంతనే రాసినం.

డిసెంబర్ 16న ఢాకాల పాకిస్తాన్ ఫౌజు లొంగిపోయింది. మొగోళ్లు మాత్రం వెంటనే ఇండ్లకు రాలె, మా ఉత్తరాలూ ఆగలె. ఆ పిల్లనే రెండు నెలలైనంక పలక పట్టుకొని వచ్చి అక్షరాలు నేర్పమన్నది. ఆమెను చూసి ఇంకో నలుగురు. ఎండాకాలం నాటికి వంకరటింకర రాతతోటి సొంతంగ ఉత్తరం రాసింది. తప్పులుంటే దిద్దుతం చూపియ్యమంటే ఒప్పుకోలె. తనే మడిచి, నాకి అంటిచ్చి, పోస్టు డబ్బల ఏసి వచ్చింది.