తెరకెక్కని సత్యభామ

“మీరజాలగలడా” పాట వినగానే మనలో చాలమందికి 1966 నాటి ‘శ్రీకృష్ణ తులాభారం’ చిత్రమూ, అందులో జమునగారూ, సుశీలగారి గళమూ స్ఫురిస్తాయి. ఆ పాటను రచించినదీ, సినిమాకు ఎంతో ముందే సత్యభామ వేషంలో పాడి ఊరూరా మ్రోగించినదీ ఒక పురుషుడని చెబితే తరగతిలో నా విద్యార్థులు నమ్మేవారు కారు. ఆయనే స్థానం నరసింహారావుగారు.

1902లో బాపట్లలో జన్మించారు. 1920లో ఆ ఊళ్ళోనే హరిశ్చంద్ర నాటకం ఆడబోతే చంద్రమతి వేషధారి రాలేదు. ఆ లోటు తీర్చడానికి ముఖానికి రంగు పూసుకున్న కుర్రవాడు ఇక వెనుదిరిగి చూడలేదు. ఆనాటి నటుడెవరో సమయానికి వచ్చి ఉంటే మన నాటకచరిత్ర ఎంత నష్టపోయేదో!

తరువాత తెనాలి శ్రీరామవిలాస సభలో చేరారు. మాధవపెద్ది వెంకట్రామయ్యగారి వంటి ఉద్దండుల సరసన దేవదేవి, చిత్రాంగి, మధురవాణి, రోషనార – ఇలా ఒక్కొక్క స్త్రీకి ఒక్కొక్క నడక, ఒక్కొక్క చూపు కల్పించారు. ముత్తరాజు సుబ్బారావుగారి ‘శ్రీకృష్ణ తులాభారం’లోని సత్యభామ వీటన్నిటికీ మకుటం. మకుటమంటే గుర్తుకు వచ్చింది, 1938లో రంగూను వెళ్ళినప్పుడు అక్కడివారు ఆయనకు నిజంగానే బంగారు కిరీటం బహూకరించారు.

మా తాతగారిది రేపల్లె దగ్గర పల్లెటూరు. స్థానంవారి నాటకమంటే సాయంకాలపు రైలుకు తెనాలి చేరి, తెల్లవార్లూ చూసి, ప్లాట్‌ఫారం మీద ఓ కునుకు తీసి, ఉదయపు బండికి తిరిగి వచ్చేవారట. 1942లో ‘సత్యభామ’ చిత్రం వచ్చిందనీ, అందులో స్థానంవారున్నారనీ తెలిసి అంత ఆశతోనూ వెళ్ళారు. తీరా చూస్తే తెరమీద సత్యభామ పుష్పవల్లి, స్థానంవారు కృష్ణుడు! “ఆయన కృష్ణుడేమిట్రా, ఆయన భామ కదా” అని ముసలితనంలో కూడా విసుక్కునేవారు.

నిర్మాతలను తప్పు పట్టలేము. అప్పటికే తెరకు స్త్రీలు వచ్చేశారు. పైగా నాటకశాలలో దూరమూ, దీపాల వెలుగూ, ప్రేక్షకుని ఇష్టపూర్వకమైన భ్రమా కలిసి నటునికి తోడ్పడతాయి. కెమెరా దగ్గరకు వచ్చి చెంప మీది నీలిఛాయను కూడా లెక్క పెడుతుంది. మహారాష్ట్రలో స్త్రీ పాత్రలకు పెట్టింది పేరయిన బాలగంధర్వ సైతం 1935లో ప్రభాత్ వారి ‘ధర్మాత్మ’లో ఏకనాథునిగానే కనిపించారు. 1937లో మీరాబాయిగా తెరకెక్కితే ఆ రంగస్థల సమ్మోహనం నిలువలేదు. ఆ మాట కొస్తే, స్థానంవారికి కృష్ణవేషం దక్కడమే మేలయిందేమో అని నాకు తోస్తుంది. కాని ఆ మేలుకు మనం చెల్లించిన మూల్యం ఆయన సత్యభామ. ఒక్క అడుగు కూడా చలనచిత్రంగా మిగలలేదు.

1956లో పద్మశ్రీ వచ్చింది. ‘నటస్థానం’ పేర తన అనుభవాలు వ్రాసుకున్నారు. 1971లో కన్నుమూశారు.

రేడియోలో ఆ పాట వచ్చినప్పుడల్లా తాతగారు కళ్ళు మూసుకుని చివరిదాకా వినేవారు. ఒకసారి ఎలా ఉందని అడిగాను.

“అమ్మాయి బాగానే పాడిందిరా. ఆ జడ విసురేదీ?” అన్నారు.