పరీక్షా సంవత్సరం

మనవాళ్లు కతోలిక సన్యాసులందరినీ ‘ఫాదరుగారు’ అన్న ఒక్క పిలుపుతో సరిపెట్టేస్తారు. నిజానికి వారిలో తెగలున్నాయి. పీఠాధిపతి కింద ఉండి ఊళ్లలో విచారణలు చూసుకునే గురువులు ఒక తెగ. ఒకే మఠంలో జీవితమంతా గడిపేవారు మరొక తెగ. మూడవ వారు ఫ్రయరులు. లాటిన్‌లో ‘ఫ్రాతెర్’ అంటే సోదరుడు. ఆ మాటే ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చి ఫ్రయరు అయింది. సొంత ఆస్తి లేకుండా, భిక్ష మీద ఆధారపడి, ఊరూరా తిరిగి బోధించడం వీరి మూల సంప్రదాయం. కనుక వీరిని నేను భిక్షుసోదరులు అంటాను. ఫ్రాన్సిస్కనులు, కపూచినులు, దొమినికనులు, కార్మెలీయులు ఈ కోవలోని వారే. వీరిలో గురుపట్టం పొందేవారూ ఉంటారు, సోదరులుగానే ఉండిపోయేవారూ ఉంటారు.

ఈ విషయం మీద నాకు శ్రద్ధ పుట్టడానికి కారణం ఒక శిష్యుడు. అతని పేరు చెప్పను.

కొల్లేటి ఒడ్డున ఒక ఉన్నత పాఠశాలలో నేను తెలుగు పండితుడుగా ఉన్న రోజులు. ఆ అబ్బాయిది లంక గ్రామం, కతోలిక కుటుంబం. పద్యం చదివితే పదచ్ఛేదం చెడకుండా చదివేవాడు. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ జాబితాలో చేర్చారు. 2006లో అభయారణ్యం హద్దులోని చేపల చెరువుల గట్లు తెగగొట్టారు. సరస్సుకు అది అవసరమే కావచ్చు. కాని వాళ్ల నాన్న అప్పు చేసి తవ్వించుకున్న చెరువు ఆ యేడే పోయింది. అబ్బాయి అప్పుడు పదవ తరగతి.

2008లో ఇంటరు పూర్తిచేసి మా ఇంటికి వచ్చాడు. “మాస్టారండీ, నేను సభలో చేరతానండి. ఫ్రాన్సిస్‌గారి సభలో” అన్నాడు. మరునాడు వాళ్లమ్మ వచ్చింది. “చెరువు పోయింది, ఇప్పుడు పిల్లాడూ పోతానంటున్నాడు. మీ మాటంటే వాడికి గురండి. మీరే చెప్పాలి మేష్టారూ” అని అరుగు మీద కూర్చుని ఏడ్చింది.

నేను చెప్పాను. వైరాగ్యం వేరు, విసుగు వేరు, ఇంట్లో కష్టం చూడలేక పారిపోవడం సన్యాసం కాదు అన్నాను. వాడు తల వంచుకుని విన్నాడు. నెలలోపే వెళ్లిపోయాడు. నా మాట కాదన్నాడని నొచ్చుకున్నాను.

ఆ నొప్పితోనే చదవడం మొదలుపెట్టాను. ఈ భిక్షుసోదరులు మనకు కొత్తవారేమీ కారు. ఓరుగల్లులో ప్రతాపరుద్రుడు ఏలుతున్న కాలంలో, 1291 ప్రాంతంలో, మోంతెకొర్వినో జాన్ అనే ఫ్రాన్సిస్కన్ సోదరుడు చైనాకు పోతూ మన తూర్పు తీరాన 13 నెలలు ఆగాడు. పునీత తోమా దేవాలయం ఉన్న సీమలో నూరుమందికి జ్ఞానస్నానం ఇచ్చానని 1305లో నేటి బీజింగు నుంచి జాబు రాశాడు. అతనితో వచ్చిన దొమినికన్ సోదరుడు పిస్తోయా నికొలాస్ ఇక్కడే మరణించాడు, ఇక్కడి మట్టిలోనే కలిశాడు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం శిక్షణ చరిత్ర. 1209లో అస్సీసి ఫ్రాన్సిస్ తన నియమావళికి పోపు మూడవ ఇన్నొసెంటు నోటిమాటగా అనుమతి పొందాడు. తొలినాళ్లలో పరీక్షాకాలమంటూ ఉండేది కాదు. ఉన్నది పేదలకిచ్చి వచ్చినవాడికి అంగీ, నడుముతాడు ఇచ్చి చేర్చుకునేవారు. పదేళ్లలో సభ ఊహించనంతగా పెరిగింది. ఆవేశంతో వచ్చినవారు, అంగీ వేసుకుని ఎవరి మాటా వినకుండా తిరిగేవారు కూడా చేరారు. 1220 సెప్టెంబరులో పోపు మూడవ హొనోరియుసు ఒక ఆజ్ఞ వెలువరించాడు. ఒక సంవత్సరం పరీక్షలో ఉండనిదే ఎవరినీ సభలో చేర్చుకోరాదు. మాటపట్టు ఇచ్చిన తరువాత విడిచిపోరాదు. 1223 నియమావళిలోనూ ఈ కట్టడి నిలిచింది. పరీక్షలో ఉన్నవాడి దుస్తులు వేరు. అతని అంగీకి తలముసుగు ఉండదు. చూడగానే ఇతడింకా తేల్చుకోలేదని లోకానికి తెలుస్తుంది.

ఈ రెండు నిబంధనలను కలిపి చదవాలి. తరువాత తలుపు మూసుకుంటుంది గనుకనే ఆ సంవత్సరమంతా తలుపు తెరిచి ఉంచారు.

ఇది చదివినప్పుడు నాకు గుంటుపల్లి గుర్తుకు వచ్చింది. ఏలూరుకు ఉత్తరాన, కామవరపుకోట దగ్గర, క్రీస్తుకు పూర్వమే కొండను తొలిచి భిక్షువులు నివసించిన చోటు. కొయ్య దూలాలను అనుకరిస్తూ కప్పు చెక్కిన ఆ గుండ్రని చైత్యాన్ని చూపించడానికి ఒకసారి పిల్లలను తీసుకువెళ్లాను. ఈ అబ్బాయీ వచ్చాడు. బౌద్ధ వినయం ప్రకారం మొదట ప్రవ్రజ్య, ఇరవై యేళ్లు నిండాక ఉపసంపద. ఉపసంపదకు ముందు సంఘం అడిగే ప్రశ్నలున్నాయి. నీకు అప్పులున్నాయా? రాజుగారి కొలువులో ఉన్నావా? తల్లిదండ్రుల అనుమతి ఉన్నదా? రాహులుణ్ణి చెప్పకుండా చేర్చుకున్నందుకు శుద్ధోదనుడు బాధపడిన మీదటనే ఈ చివరి నియమం పుట్టిందంటారు. మన శంకరుల కథలోనూ తల్లి అనుమతి కోసం మొసలి రావలసి వచ్చింది కదా!

1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రంలో కూడా తీర్చలేని అప్పులున్నవారిని చేర్చుకోవద్దన్న హెచ్చరిక ఉన్నది. నొవిషియేట్ అనే పరీక్షాకాలానికి 17 యేళ్లు నిండాలి. అది 12 నెలలకు తగ్గరాదు. ఆ కాలంలో సాధకుడు ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు, సభ అతణ్ణి పంపివేయనూ వచ్చు. అది దాటితే పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు మాటపట్టులు, అవీ మూడు నుంచి ఆరేళ్ల గడువుకే. గడువును తొమ్మిదేళ్ల దాకా పొడిగించవచ్చు. జీవితకాలపు మాటపట్టుకు కనీసం 21 యేళ్లు ఉండాలి. గురుపట్టం కోరేవారికి తత్త్వశాస్త్రం, వేదాంతశాస్త్రం అదనం. ఇంత నెమ్మదిగా, ఇన్ని మెట్లుగా మనం పెళ్లిళ్లు కూడా చేయము.

మా అబ్బాయి తొలి మెట్లు దాటి 2010లో పరీక్షా సంవత్సరంలో ప్రవేశించాడు. తొమ్మిదవ నెలలో తిరిగి వచ్చేశాడు. ఊరు ఊరకుంటుందా? తరిమేశారన్నారు, ఏదో తప్పు చేశాడన్నారు. నేనూ లోలోపల ‘చెప్పాను కదా’ అనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు గాని, పలకరించడానికి వెళ్లనూ లేదు. నలభై యేళ్ల బోధనలో నేను సిగ్గుపడే పనులలో అదొకటి.

కొన్నేళ్ల తరువాత తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో కనిపించాడు. ఒక కొట్లో పద్దులు రాస్తున్నాడు. లేచి వచ్చి కాళ్లకు దణ్ణం పెట్టాడు. టీ తాగుతుండగా తానే చెప్పాడు.

“అక్కడ మా శిక్షకులు మొదటిరోజే ఒక్క ప్రశ్న అడిగారండి. మీ నాన్న చెరువు ఉండి ఉంటే నువ్వు ఇక్కడికి వచ్చేవాడివా అని. వెంటనే జవాబు చెప్పొద్దన్నారు. వంట చేశాను, పాకీపని చేశాను, తెల్లవారుజామున మౌనంగా కూర్చున్నాను. తొమ్మిది నెలలకు తెలిసిందండి, వచ్చేవాణ్ణి కానని. ఆ మాటే వెళ్లి చెప్పాను. ఆయన నన్ను కౌగిలించుకుని, రైలు ఖర్చులిచ్చి, నీ ఏడాది వృథా కాలేదు అన్నారు.”

“మరి అప్పు?” అన్నాను.

“ఇంకా కొంచెం ఉందండి. నాన్న, నేను కలిసి తీరుస్తున్నాం.”

నేను అరుగు మీద వాడికి చెప్పినదీ, ఆ శిక్షకులు అడిగినదీ ఒక్కటే. అయితే నేను జవాబు కూడా నేనే చెప్పేశాను. ఆయన ప్రశ్న మాత్రం ఇచ్చి, దానికి తగినంత కాలం ఇచ్చాడు. వాడితో పాటు చేరినవారిలో ఇద్దరు జీవితకాలపు మాటపట్టు ఇచ్చారట. వారిని ఊరేగించారు, సంతోషమే. తేల్చుకుని తిరిగి వచ్చినవాడికి కూడా ఎదురు వెళ్లి ఒక గ్లాసు మంచినీళ్లు ఇవ్వవలసినది. ఆ పని నేను చేయలేదు.