పెంపుడు హెడ్జ్‌హాగ్: మచ్చిక, పట్టుకునే పద్ధతులు

ఇళ్ళలో పెంచుకునే హెడ్జ్‌హాగ్ చాలావరకు ఆఫ్రికా జంతువు. శాస్త్రీయ నామం అటెలెరిక్స్ ఆల్బివెంట్రిస్. వెనక కాళ్ళకు నాలుగే వేళ్ళుంటాయి కనక నాలుగువేళ్ళ హెడ్జ్‌హాగ్ అనీ, పెంపకందార్ల వాడుకలో ఆఫ్రికన్ పిగ్మీ హెడ్జ్‌హాగ్ అనీ పేర్లు. సెనెగల్ నుంచి సోమాలియా దాకా, దక్షిణాన జాంబియా వరకు గడ్డి మైదానాల్లో కనిపిస్తుంది. బరువు సాధారణంగా 300–600 గ్రాములు. పెంపకంలో నాలుగు నుంచి ఆరేళ్ళు బతుకుతుంది. మన ఏదుపందికీ దీనికీ ముళ్ళలో పోలికే తప్ప చుట్టరికం లేదు. ఏదుపంది ఎలుకల వర్గానిది, ఇది చుంచులకు దగ్గరిది. ఏదుపంది ముల్లు ఊడి శత్రువు ఒంట్లో దిగబడుతుంది. హెడ్జ్‌హాగ్ ముల్లు అలా ఊడిరాదు. మనిషి చెయ్యి సోకగానే బుసకొట్టి ముడుచుకుపోయే ఉడుకుమోతు హెడ్జ్‌హాగ్‌ను దారికి తెచ్చుకోవడం గురించే ఈ వ్యాసం. మేత, గూడు, సంతానోత్పత్తి వంటివి అవసరమైన మేరకే ప్రస్తావించాం.

చరిత్ర

క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే రోమన్లు హెడ్జ్‌హాగ్‌లను పెంచారన్న మాట పెంపకం పుస్తకాల్లో ఒకదాన్నుంచి ఒకటి ఎత్తిరాసుకుంటూ వచ్చింది. మూలం ఏమిటన్నది అవి సాధారణంగా చెప్పవు. గట్టిగా నిలిచే ఆధారం క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీది. బట్టను నునుపు తేల్చడానికి హెడ్జ్‌హాగ్ తోలు వాడేవారనీ, ఆ వ్యాపారంలోని మోసాల మీద సెనేట్ పదేపదే తీర్మానాలు చేయాల్సి వచ్చిందనీ ఆయన రాశాడు. ముడుచుకున్న జంతువు మీద వేడినీళ్ళు చల్లితే విచ్చుకుంటుందన్న సంగతి కూడా అక్కడే ఉంది. అది వేటగాళ్ళ ఉపాయం. దాన్నిబట్టి పెంపకం జరిగిందని తేల్చలేం.

ఇప్పటి పెంపకం అమెరికాలో 1980లలో మొదలైంది. ఎక్కువగా నైజీరియా నుంచి దిగుమతి చేసుకున్నారు. పశువులకు గాలికుంటు వ్యాధి అంటుతుందన్న భయంతో ఆఫ్రికా నుంచి దిగుమతిని ఆపేశారు. ఆ ఏడాదిని సాధారణంగా 1991గా చెబుతారు. ఆ తర్వాత అక్కడ పుట్టినవి అప్పటికే వచ్చినవాటి సంతతేనన్నది పెంపకందార్ల అభిప్రాయం. అల్జీరియా హెడ్జ్‌హాగ్‌తో సంకరం జరిగిందని కొందరు అంటారు గానీ, పశువైద్య గ్రంథాలు చాలావరకు వీటిని ఆల్బివెంట్రిస్‌గానే పరిగణిస్తాయి. ఇక్కడ ఆ లెక్కనే పాటించాం. ఏది నిజమైనా, మచ్చిక విషయంలో ముఖ్యమైనది కాలవ్యవధి. మనిషి చేతిలో తరాలు గడిచింది నలభై ఏళ్ళకు కాస్త అటూ ఇటూ మాత్రమే. కుక్కలా, పిల్లిలా మనిషి స్పర్శను కోరుకునే గుణం ఈ జంతువులో ఇంకా పాదుకోలేదు.

అన్ని చోట్లా దీన్ని పెంచనివ్వరు. అమెరికాలో కాలిఫోర్నియా, జార్జియా, హవాయి, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లోనూ న్యూయార్క్ నగరంలోనూ నిషేధం ఉంది. మొదటి రెండు రాష్ట్రాల్లో తెలుగు కుటుంబాలు బాగా ఎక్కువ కనక పిల్లలకు మాటిచ్చే ముందు ఈ సంగతి చూసుకోవడం మంచిది. దక్షిణ భారతంలో, ఆంధ్రప్రదేశ్‌తో సహా, మద్రాసు హెడ్జ్‌హాగ్ అనే మరో జాతి ఉంది. 1851లో ప్రకృతి శాస్త్రవేత్త హార్స్‌ఫీల్డ్ వర్ణించిన ఈ జాతి ప్రపంచంలో మరెక్కడా లేదు. అది వన్యప్రాణి, ఇక్కడ చెప్పే పద్ధతులు దానికి వర్తించవు, దాన్ని పట్టి తెచ్చుకోకూడదు. బ్రిటన్ తోటల్లో తిరిగే ఐరోపా జాతిని గాయపడినప్పుడు చేరదీసే సంరక్షకులు కూడా దానికి మనిషి అలవాటు కాకుండానే చూస్తారు. నయమయ్యాక తిరిగి వదిలేయాలి కదా.

కోపం ఎందుకు

వీపు చర్మం అంచు చుట్టూ ఉంగరంలా ఒక కండరం ఉంటుంది. అది బిగిస్తే నాడా లాగిన సంచి మూతి ముడుచుకున్నట్టు ముళ్ళ చర్మం తలనీ కాళ్ళనీ పొట్టనీ లోపలికి మూసేస్తుంది. ముళ్ళు ఒక్కొక్కటీ ఒక్కో దిక్కుకు నిక్కి, ఒకదానికొకటి అడ్డంగా నిలుస్తాయి. ఇదంతా రక్షణే, ఎదుటివాణ్ణి కరవడానికో తరమడానికో కాదు. యజమానులు కోపమనేది దాదాపు అన్ని సందర్భాల్లోనూ భయమేనని పశువైద్యులు చెబుతారు. అయినా కోపమన్న మాటే వాడుకలో స్థిరపడింది.

గమనించాల్సిన చోటు నుదురు. తల మీది ముళ్ళు మాత్రమే కళ్ళ మీదికి వాలితే అనుమానం. దాంతోపాటు గుర్రుమంటూ ఊపిరి వదిలితే హెచ్చరిక. ఒళ్ళు ఎగరేస్తూ టక్‌టక్‌మని చప్పుడు చేస్తే బెదిరింపు ముదిరినట్టు. నుదుటి ముళ్ళు వెనక్కి వాలి, ముక్కు కొస కదులుతూ గాలి వాసన చూస్తుంటే శాంతించినట్టే.

కారణాల్లో మొదటిది వేళ. ఇది రాత్రి తిరిగే జంతువు. మధ్యాహ్నం నిద్ర లేపి చేతిలోకి తీసుకుని, కోపిష్టిదని పేరు పెట్టేవాళ్ళు తక్కువేం కాదు. రెండోది వాసన: చూపు మందం, ముక్కూ చెవీ చురుకు. కొత్త సబ్బు, అత్తరు, వంట చేసిన చేయి, ఇంట్లోని మరో జంతువు వాసన వల్ల తెలిసిన మనిషే పరాయివాడైపోతాడు. మూడోది చలి. గది 24–29 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. దాదాపు 18 డిగ్రీలకు దిగితే ఈ జాతి శీతనిద్రలోకి జారుకోబోతుంది. పెంపుడు జంతువుకు అది విశ్రాంతి కాదు, ప్రాణాపాయం. పొట్ట చల్లగా తగిలి, నడక తూలుతుంటే మచ్చిక మాట పక్కనపెట్టి మెల్లగా వెచ్చబరచి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాలి.

ముళ్ళు మారే వయసు వేరే సంగతి. పిల్లముళ్ళు రాలి పెద్దముళ్ళు చర్మాన్ని తొలుచుకుని పైకి వస్తాయి. ఇది ఒకటిన్నర నెల వయసు నుంచి విడతలవారీగా ఆరు నెలల దాకా సాగవచ్చు. ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందన్న దానిపై పుస్తకాలకు పొంతన లేదు. దుకాణాల్లో పిల్లల్ని అమ్మేది సరిగ్గా ఈ వయసులోనే. మొన్నటిదాకా సాధువుగా ఉన్న పిల్ల కొత్త ఇంటికి రాగానే మారిపోయిందన్న ఫిర్యాదుకు సగం కారణం ఇదే కావచ్చు. పెద్ద జంతువుకు ముళ్ళు గుత్తులుగా రాలి చర్మం పొట్టు లేస్తుంటే వయసును తప్పుపట్టకూడదు. అది సూక్ష్మ పురుగులవల్ల వచ్చే గజ్జి కావచ్చు.

మచ్చిక చేసే తీరు

ఇంటికి తెచ్చిన మొదటి రెండు మూడు రోజులు ముట్టుకోకుండా వదిలేయాలన్నది ఎక్కువమంది మాట. యజమాని ఒకటి రెండు రోజులు తొడిగి విప్పిన బనియనో మెత్తటి గుడ్డో గూట్లో వేస్తే నిద్రలో కూడా ఆ వాసన దానికి అలవాటవుతుంది. గుడ్డకు వేలాడే దారాలు ఉండకూడదు. కాళ్ళకు చుట్టుకుని రక్తప్రసారం ఆగిపోయిన సందర్భాలు పశువైద్యులకు కొత్త కాదు.

ఎత్తే పద్ధతి దగ్గరే చాలామంది తడబడతారు. పైనుంచి చెయ్యి దించితే అది గద్ద వాలినట్టే లెక్క. రెండు అరచేతులూ పైకి తిప్పి, ఇరుపక్కల నుంచి నేల వెంబడే జరిపి పొట్ట కిందికి పోనివ్వాలి. పొట్ట మీద ముళ్ళుండవు, మెత్తటి వెంట్రుకలే. ముందే బంతిలా చుట్టుకుని ఉంటే చుట్టుకున్నట్టే దొర్లించి దోసిట్లోకి తీసుకోవాలి. తటపటాయిస్తూ వేలితో పొడిచి వెనక్కి తీసుకునే చేతికన్నా నిదానంగా, తొణక్కుండా వచ్చే చేతిని అది త్వరగా ఒప్పుకుంటుంది. చేతుల్లోకి వచ్చాక కదలకుండా ఉండాలి. మొదట బంతి చీలిక దగ్గర తడి ముక్కు కనిపిస్తుంది. తర్వాత ముందరి కాళ్ళు అరచేతి మీద ఆనుతాయి. నుదుటి ముళ్ళు సర్దుకోవడం అన్నిటికన్నా ఆఖరు. ఈలోగా ఎవరైనా తుమ్మితే మళ్ళీ మొదటికే.

ఆపై చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. రోజూ సాయంత్రం ఓ అరగంట ఒళ్ళో గుడ్డసంచిలో పడుకోబెట్టుకుని పుస్తకం చదువుకోవచ్చు, టీవీ చూసుకోవచ్చు. నిమరాలని ఆరాటపడకూడదు, నిమిరితే తల నుంచి తోక వైపే, ముళ్ళు వాలిన దిశలో. ముఖాన్ని చివరికి వదిలేయాలి. అరగంట మించితే విసుగు తప్పదనడానికి ఒక పాత సాక్ష్యం ఉంది. ఆంగ్ల బాలసాహిత్య రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ తన పెంపుడు హెడ్జ్‌హాగ్‌ను నిలబెట్టి బొమ్మ గీసేది; 1905లో వచ్చిన ‘మిసెస్ టిగ్గీ-వింకిల్’ కథకు అదే ప్రేరణ. అరగంట గడిచేసరికి ముందు జాలిగా ఆవలించి, తర్వాత కరిచేస్తుందని ఆవిడ ఒక ఉత్తరంలో రాసింది. ఆ జంతువు ఐరోపా జాతిదే అయినా ఈ స్వభావం ఉమ్మడి.

తోలు చేతితొడుగుల మీద ఏకాభిప్రాయం లేదు. ముళ్ళ భయం పోయి చేతులు స్థిరంగా ఉంటాయి కనక మొదట్లో వాడమంటుంది ఒక వర్గం. చేతి వాసన అందదు, పట్టు ఎంత బిగిసిందో తెలియదు కనక వద్దంటుంది రెండో వర్గం. తువ్వాలును మధ్యేమార్గంగా చెప్పే వాళ్ళ మాట ఎక్కువ సబబుగా తోస్తుంది: మడత పలచబరుస్తూ పోయి చివరికి తీసేయవచ్చు. బుసకొట్టగానే గూట్లో పెట్టేస్తే బుసకొడితే చాలన్న పాఠం నేర్చుకుంటుందన్నది ప్రచారంలో ఉన్న మరో సూత్రం. ఇందులో నిజం ఉంది. కానీ శాంతించేదాకా ఎంతసేపైనా పట్టుకునే ఉండాలని దీన్ని సాగదీయడం సరికాదు. కాసేపు గుర్రు తగ్గిన క్షణం చూసి వదిలితే సరిపోతుంది. ముట్టెతో వేలిని తోస్తుంటే ముఖాన ఊదడం, మందలింపుగా తట్టడం కొందరి పద్ధతి. భయపడుతున్న జంతువును ఇంకా భయపెట్టడం తప్ప దానివల్ల ఒరిగేది కనబడదు.

గోరువెచ్చని నీటిలో, పొట్ట తడిసేంత లోతున, పాదాలు కడగడం పనికొస్తుంది. నీటిలో ముడుచుకుని ఉండలేక విచ్చుకుంటుంది కనక గోళ్ళు కత్తిరించడానికి అదే అదను. మచ్చిక చేయడానికి మాత్రం స్నానాన్ని వాడుకోకూడదు. అది విచ్చుకున్నది నమ్మకంతో కాదు, ఈదడానికి.

కాటు, నురుగు

కాటు అరుదు. ముందు నాకుతుంది, ఆ తర్వాత కొరుకుతుంది. వేలికి తిండి వాసన ఉండటమే ఎక్కువసార్లు కారణం. కరిచి వదలనప్పుడు చెయ్యి వెనక్కి లాగితే పట్టు బిగుస్తుంది. నోటి వైపే కాస్త నెడితే వదులుతుంది. కొత్త వాసన తగిలినప్పుడు దాన్ని నమిలి, నోట్లో నురుగు చేసి, మెడ వెనక్కి తిప్పి ముళ్ళకు పూసుకోవడం మరో వింత. చూసినవాళ్ళు మూర్ఛ అనో పిచ్చి అనో కంగారుపడతారు. అది రోగం కాదు. గోదురుకప్ప విషాన్ని హెడ్జ్‌హాగ్‌లు ఇలా ముళ్ళకు పట్టించుకుంటాయనీ, అది ఆత్మరక్షణకేననీ పరిశోధకుడు ఎడ్మండ్ బ్రోడీ 1977లో ‘నేచర్’ పత్రికలో రాశాడు. వాసన మరుగుపరచుకోవడానికని చెప్పేవాళ్ళూ ఉన్నారు.

వైద్యం, జాగ్రత్తలు

నెలల తరబడి ఓపిక పట్టినా కొన్ని జంతువులు చేతికి రావు. వాటిని గూట్లోని చక్రం మీద పరిగెత్తనిచ్చి చూసి సంతోషించడమే మేలు. ఇన్నాళ్ళూ మచ్చికగా ఉన్నది హఠాత్తుగా కసురుకుంటే మాత్రం పళ్ళు, చర్మం, కడుపు చూపించాలి. బంతిలా చుట్టుకున్నదాన్ని పూర్తిగా పరీక్షించడానికి పశువైద్యులు తరచూ ఐసోఫ్లురేన్ మత్తు ఇస్తారు. నడక తూలుతూ క్రమంగా కాళ్ళు పడిపోయే నరాల వ్యాధి ఒకటి ఈ పెంపుడు వంశాల్లో ఉంది. దానికి చికిత్స లేదు.

మనిషికి అంటేవాటిలో సాల్మొనెల్లా ప్రధానం. 1994లో అమెరికాలో ఒక పసిపాపకు సోకిన అరుదైన సాల్మొనెల్లా రకం ఇంట్లో పెంచే హెడ్జ్‌హాగ్‌లలోనూ దొరికింది. 2019 జనవరిలో అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం వీటిని ముద్దుపెట్టుకోవద్దని, ముఖానికి ఆనించుకోవద్దని హెచ్చరించింది. తామర కూడా అంటుతుంది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. గూడు, చక్రం, నీటిగిన్నె వంటింటి సింకులో కడగకూడదు.